ఇరవై ముగ్గురిని క్షమించిన ఆదివారం

తప్పు చేసినవాళ్ళని క్షమించడం అందరూ చేసే పనే. అందులో గొప్పేముంది చెప్పండి? అసలు తప్పే చేయనివాళ్ళని, చేసే ఉద్దేశం కూడా లేనివాళ్ళని, ఒకరూ ఇద్దరూ కాదు, ఏకంగా ఇరవై ముగ్గురిని, ఒక్క దెబ్బకి, రాతపూర్వకంగా క్షమించి పారేసినవాణ్ణి ఈ హైటెక్ సిటీలో నేనొక్కణ్ణే ఉంటాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో, ఆ దెబ్బకి నా పరువు పద్నాలుగో అంతస్తు నుంచి ఎలా కిందపడిందో చెప్తాను. మీరు నవ్వుకోండి. వద్దంటే మాత్రం ఆగుతారా?

నా పేరు కృపాకర్. మాది అమలాపురం వైపు. ఈ సంగతి జరిగేనాటికి నాకు ముప్పై ఒకటో ఏడు, పెళ్ళి కాలేదు. రాయదుర్గంలో మెట్రో దిగి రెండు అడుగులేస్తే మా ఆఫీసు. ఉద్యోగం టెస్టింగ్. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి పట్టుకుని, వాళ్ళ పేరు మీద చీటీ రాసి అంటించడం. ఆ పనిలో నేను గట్టివాణ్ణి. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానంటే, చివర్లో మీరు ఎలాగూ ఎత్తిచూపుతారు కాబట్టి.

ఆఫీసుకి దగ్గర్లోనే ఒక పెద్ద అపార్ట్‌మెంటులో పద్నాలుగో అంతస్తులో కిరాయికి ఉంటున్నాను. అప్పటికి నాలుగేళ్ళైంది. ఎవరైనా మన ఇంటికి రావాలంటే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ చేస్తారు, పంపమంటారా వద్దా అని. ఆ నాలుగేళ్ళలో నాకొచ్చిన ఫోన్లన్నీ పార్సెళ్ళ కోసమే. మనిషి కోసం ఒక్కటి కూడా రాలేదు. భోజనాల బల్లకి నాలుగు కుర్చీలుండేవి. ఒకదాంట్లో నేను, మిగతా మూడింట్లో ఉతికిన బట్టలు, ఉతకాల్సిన బట్టలు, ఏ సంగతీ తేలని బట్టలు. నలుగురం కలిసి తినేవాళ్ళం.

అలాంటి రోజుల్లో నిజాంపేటలో మేం ఆరాధనకి కూడుకునే సంఘం నుంచి ఆరుగురు పన్నెండు రోజులకి కెన్యాకి సువార్త పనికి వెళ్తున్నారని తెలిసింది. నేనూ పేరిచ్చాను. ప్రభువు పిలిచాడని అందరికీ చెప్పాను. పిలిచాడేమో కూడా. కానీ నాకు వాడకుండా మిగిలిపోయిన సెలవులుండటం, అవి ఎవరితో గడపాలో తెలియకపోవడం కూడా ఆ పిలుపులో కొంత భాగమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

విమానంలో కూర్చుని నేననుకున్నదేమిటంటే, మేం వెళ్ళే పల్లెటూరు మొత్తం గుమ్మంలో నిలబడి నాకోసం ఎదురుచూస్తోందని. తీరా వెళ్తే వాళ్ళ పనులు వాళ్ళకున్నాయి. మాకు బడి గోడకి రంగులేసే పని అప్పగించారు. మేం పొద్దున్నంతా వేసేవాళ్ళం. సాయంత్రం మేం అటు తిరగగానే ఆ ఊరి ఆడవాళ్ళు వచ్చి, మేం వేసిందాన్ని మళ్ళీ సరిగ్గా వేసేవాళ్ళు. ఈ సంగతి మాకు తొమ్మిదో రోజున గానీ తెలియలేదు.

మధ్యాహ్నమైతే మాత్రం ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా తినరు. దారిన పోయేవాడు కనిపిస్తే చాలు, "కరీబు" అంటారు, లోపలికి రమ్మని. వెళ్ళకపోతే బాధపడతారు. నన్ను రోజూ లాక్కుపోయింది నెకేసా అవ్వ. డెబ్బై దాటి ఉంటుంది. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి, కలిపి కలిపి గట్టి ముద్ద చేసి పెట్టేది. ఉగాలి అంటారు దాన్ని. ఒకే పళ్ళెం చుట్టూ పదిమందిమి కూర్చునేవాళ్ళం.

ఒకరోజు ఆవిడ ఏదో అడిగింది. అక్కడి పాస్టరుగారు మాకు ఇంగ్లీషులో చెప్పారు. "మీ ఇంట్లో నీతో కలిసి ఎవరు తింటారని అడుగుతోంది."

చూడండి, అది చాలా చిన్న ప్రశ్న. 'ఎవరూ తినరండీ' అంటే సరిపోయేది. పదిమంది నా ముఖంలోకి చూస్తున్నారు. నా నోరు ఊరుకోలేదు. "చాలామంది," అన్నాను.

"ఎంతమంది?"

"ఒక... ఇరవైమంది."

సువార్త చెప్పడానికి ఖండం దాటి వెళ్ళినవాణ్ణి, ఒక ముసలావిడ అన్నం పెడుతుంటే అబద్ధం చెప్పి కూర్చున్నాను. అవ్వ కాసేపు నన్నే చూసింది. మేం తిరిగి బయల్దేరే రోజున ఐదు కిలోల పిండి మూట తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఆ ఇరవైమందికీ చేసి పెట్టు. అందరూ తింటున్నప్పుడు నాకు ఫోన్లో చూపించు," అంది. అలా నా అబద్ధాన్ని నేనే సామానులో వేసుకుని శంషాబాద్‌లో దిగాను.

దిగినవాణ్ణి ఊరికే ఉన్నానా? ఆఫీసులో ఏ మాట వచ్చినా "కెన్యాలో అయితే..." అని మొదలుపెట్టేవాణ్ణి. కాఫీ బాగాలేదంటే కెన్యా, ఏసీ ఎక్కువైందంటే కెన్యా. మా టీములో ప్రోగ్రాములు రాసే నవీన్ అని వరంగల్ కుర్రాడుండేవాడు. నేను తప్పులు పట్టేది ఎక్కువగా వాడివే. ఒకరోజు లిఫ్టు ఎంతకీ రాకపోతే వాడు చాలా అమాయకంగా అడిగాడు, "అన్నా, కెన్యాల గూడ లిఫ్ట్ గిట్లనే లేటయితదా?"

అపార్ట్‌మెంటు లిఫ్టులో ఎక్కినవాళ్ళందరితో చేయి కలిపి, ఇంట్లో అందరూ క్షేమమా అని అడగడం మొదలుపెట్టాను. ఒకాయన నా చేయి వదిలించుకుని, "మేం ఆల్రెడీ ప్లాట్ కొన్నామండీ," అన్నాడు. ఇంకొకావిడ మర్నాటి నుంచి మెట్లెక్కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆవిడది పదకొండో అంతస్తు. నా వల్ల ఆవిడ ఆరోగ్యమైనా బాగుపడి ఉంటుంది.

సంఘంలో సాక్ష్యం చెప్పడానికి, అంటే ప్రభువు అక్కడ మాకేం మేలు చేశాడో అందరి ముందూ చెప్పడానికి, నాకు మూడు నిమిషాలిచ్చారు. నేను ముప్పై నిమిషాలకి సిద్ధమై వెళ్ళాను. విమానం ఎక్కే దగ్గరే సమయం అయిపోయింది.

పగలంతా ఇలా నవ్వులపాలైనా, ఇంటికొచ్చి తలుపు తీస్తే నాకు నిజంగా ఊపిరాడేది కాదు. వెళ్ళకముందు కూడా ఒంటరిగానే తిన్నాను, కానీ అప్పుడు అది ఒంటరితనమని తెలియదు. పన్నెండు రోజులు పదిమందితో ఒకే పళ్ళెంలో తిన్నాక తెలిసింది. అక్కడికి తీసుకెళ్ళిన నా సొంత ల్యాప్‌టాప్‌లో గడియారం ఇంకా నైరోబీ టైమే చూపిస్తుండేది, మనకన్నా రెండున్నర గంటలు వెనక. మార్చబుద్ధి కాలేదు. దాన్ని చూస్తూ, ఇప్పుడు అవ్వ పొయ్యి ముట్టించి ఉంటుంది, ఇప్పుడు పళ్ళెం చుట్టూ చేరి ఉంటారు అనుకుంటూ నా కంచంలో చేయి పెట్టేవాణ్ణి. ఈ గడియారం సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

ప్రతి ఆదివారం కెన్యా పాస్టరుగారి నుంచి ఒక మెసేజ్. "అవ్వ అడుగుతోంది. ఇంకా వండలేదా?" ఆరు వారాలైంది. పిండి సింకు కింద ఉంది. దాన్ని దాటి గిన్నెలు తీసుకోవడానికి కూడా సిగ్గేసేది. ఒక్కసారి, ఒక్క పూట, నా అబద్ధం నిజం కావాలి. నా ఇంట్లో మనుషులు కూర్చుని తినాలి, అవ్వ చూడాలి. అప్పట్లో నాకు ప్రమోషన్ కన్నా కూడా అదే ఎక్కువ కావాల్సి వచ్చింది.

మా క్రైస్తవ ఇళ్ళల్లో ఒక సౌకర్యం ఉంది. ఉద్యోగమొచ్చినా, బిడ్డ పుట్టినా, బండి మీంచి పడి బతికి బయటపడినా కృతజ్ఞత కూడిక పెడతాం. నలుగుర్ని పిలిచి, రెండు పాటలు పాడి, ప్రార్థన చేసి, కడుపునిండా భోజనం పెడతాం. నేను కెన్యా నుంచి క్షేమంగా తిరిగొచ్చాను కదా, ఆ పేరు మీద కూడిక పెడదామనుకున్నాను. వచ్చి ఆరు వారాలైనా ఫరవాలేదు, ఇంకా క్షేమంగానే ఉన్నాను.

ఇలాంటివాటికి ఇంటింటికీ వెళ్ళి నోటితో పిలవాలి. నేను టెస్టర్‌ని. నోటి మాటకి ఆధారం ఏముంటుంది? ల్యాప్‌టాప్ తెరిచి, ఆఫీసులో మీటింగులకి పంపినట్టు క్యాలెండర్‌లో ఆహ్వానం తయారుచేశాను. 'కృతజ్ఞత విందు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నర.' ఆఫీసువాళ్ళు, సంఘంవాళ్ళు, మా అపార్ట్‌మెంటువాళ్ళు, వీడియో కాల్ చేయడానికి కెన్యా పాస్టరుగారు, మొత్తం ఇరవై ముగ్గురు. ఎదురింటి రమాదేవి అక్కకి మాత్రం లిఫ్టు దగ్గర చెప్పాను కూడా. వాళ్ళది కడప. ఆ ఇంట్లో ఐదుగురు.

"అక్కా, ఆదివారం మా ఇంట్లో భోజనాలు. టైమూ అదీ ఫోన్‌కి పంపాను."

"ఏం నాయనా, పెండ్లి కుదిరిందా?"

"లేదక్కా. కెన్యా వెళ్ళొచ్చాను కదా."

"అయ్యో," అంది అక్క. ఎందుకో మరి.

రెండు రోజుల్లో ఇరవై ముగ్గురూ 'వస్తాం' అని నొక్కారు. నా జీవితంలో ఒకేసారి అంతమంది నాకు సరేనని చెప్పడం అదే మొదలు. ఆ పేర్ల జాబితాని పడుకునే ముందు ప్రార్థనలా చదువుకున్నాను.

ఆదివారం వచ్చింది. వంట పేరు చెప్పి ఆరాధన మానేశాను. దేవుడికి కృతజ్ఞత చెప్పే హడావుడిలో దేవుడి దగ్గరికి వెళ్ళడం కుదరలేదన్నమాట. సందు చివరి హోటల్ నుంచి పెద్ద హండీలో చికెన్ బిర్యానీ తెప్పించాను. గేటు దగ్గర సెక్యూరిటీ చూసే యాదగిరన్నని బతిమాలితే కింద హాల్లోంచి ఇరవై ఐదు ప్లాస్టిక్ కుర్చీలు పైకి పంపాడు.

"ఏంది సార్, ఫంక్షనా?" అన్నాడు.

"మా వాళ్ళొస్తున్నారు అన్నా," అన్నాను. ఆ 'మా వాళ్ళు' అనే మాట నా నోటికి ఎంత కొత్తగా ఉందో.

తర్వాత ఉగాలి. అవ్వ చేస్తుంటే పది నిమిషాల పనిలా కనిపించింది. నా చేతిలో గంటన్నర పట్టింది. ముందు జావలా ఉంది, ఇంకాస్త పిండి పోశాను. ఉండకట్టింది, నీళ్ళు పోశాను. మళ్ళీ జావైంది, మళ్ళీ పిండి. ఇలా మేమిద్దరం పంతానికి పోయి మొత్తం ఐదు కిలోలూ అయిపోయేసరికి, ఇంట్లో ఉన్న మూడు గిన్నెలూ, ఒక బకెట్టూ నిండాయి. భయపడకండి, కొత్త బకెట్టు. గరిటె అందులో ఎలా నిలబెడితే అలా నిలబడిపోయింది.

పన్నెండున్నరైంది. తలుపు తీసి పెట్టాను. ఎవరూ రాలేదు. మనవాళ్ళు కదా, పావుగంట అటూ ఇటూ అవుతుందనుకున్నాను.

ఒంటిగంట. ఎదురింటికి వెళ్ళి చూస్తే తాళం. అక్కావాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయారు. అందరికన్నా దగ్గరివాళ్ళు, ఎనిమిది అడుగుల దూరం. నవీన్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ పెట్టాడు: "పక్కా వస్తున్న అన్నా, ఫికర్ చెయ్యకు." హైదరాబాదులో 'వస్తున్న' అంటే ఇంకా స్నానం చేయలేదని, 'దగ్గర్లనే ఉన్న' అంటే ఇంకా లేవలేదని నాలుగేళ్ళుగా నాకు తెలుసు. పాపం ఆ ఒక్కరోజు వాడు నిజమే చెప్పాడు. నేను నమ్మలేదు.

ఒంటిగంటన్నర. కెన్యా నుంచి కూడా కాల్ రాలేదు. అక్కడ కూడా నన్ను మర్చిపోయారన్నమాట. ఇరవై ఐదు ఖాళీ కుర్చీల మధ్య కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు తెలియదు, తెలియాల్సిన అవసరం రాకూడదు. గది మరీ బోసిగా ఉందని కాసేపు ఆ కుర్చీలో, కాసేపు ఈ కుర్చీలో మారి మారి కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా అన్నీ టవర్లే, అన్నీ కిటికీలే. అన్ని వేలమందిలో నా పేరు తెలిసిన ఇరవై ముగ్గురిని ఏరి పిలిస్తే ఒక్కరూ రాలేదు. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా.

ఏడ్చినవాణ్ణి అక్కడితో ఆగినా బాగుండేది. లేచి ముఖం కడుక్కుని, మహాత్యాగిలా యాదగిరన్నకి ఫోన్ చేశాను. "అన్నా, పక్కన టవర్ కడుతున్న కూలీలున్నారు కదా. ఈ బిర్యానీ తీసుకెళ్ళి వాళ్ళకి పెట్టేయండి."

"అరె, మీ వాళ్ళు రాలే?"

"రారు."

"వస్తరు సార్, జర ఆగుండ్రి. ఆదివారం గదా, ట్రాఫిక్ ఉంటది."

"ఎవరూ రారు అన్నా. తీసుకెళ్ళండి."

పైకొచ్చి కుర్చీల వైపు చూసి, నా వైపు చూసి, హండీ ఎత్తుకున్నాడు. పోతూ పోతూ బకెట్టులోది ఏంటని అడిగాడు. చెప్పాను. అది వద్దన్నాడు.

ఇక అసలు కథ ఇక్కడుంది. సరిగ్గా రెండు గంటల పది నిమిషాలకి నేను ఫోన్ తీసి ఆ ఇరవై ముగ్గురికీ కలిపి ఒక మెయిల్ రాశాను. ఇంగ్లీషులో రాశాను. బాధలో ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు బాగా వస్తుంది. దాని తెలుగు ఇది:

"మీరేం చేశారో మీకు తెలుసు. నాకూ తెలిసింది. నేను అడగను, మీరు సంజాయిషీ చెప్పక్కర్లేదు. నా మనసు చాలా గాయపడింది. అయినా మిమ్మల్ని ఒక్కొక్కరినీ పూర్తిగా క్షమిస్తున్నాను. మీ కృపాకర్."

విందు మాట గానీ, రాలేదన్న మాట గానీ అందులో ఎక్కడా లేదు చూశారా? అదీ నా గంభీరత. పంపేశాక మనసు ఎంత తేలికైందో! నాలాంటి మంచివాడు ఇంకొకడు ఉండడని నాకే అనిపించి, సోఫాలో వెనక్కి వాలాను.

రెండు గంటల యాభై నిమిషాలకి ఫోన్ టింగుమంది. ఏంటా అని చూశాను. 'కృతజ్ఞత విందు. పది నిమిషాల్లో మొదలు.'

మొదట, ఫోన్‌కి మతిపోయిందనుకున్నాను. తర్వాత ల్యాప్‌టాప్ వైపు చూశాను. దాంట్లో పన్నెండూ ఇరవై. నైరోబీలో పన్నెండూ ఇరవై. నేను పన్నెండున్నర అని కొట్టింది నైరోబీ గడియారంలో. ఇక్కడ అందరి ఫోన్లలో పడింది మూడు గంటలు. ప్రపంచమంతా కరెక్టుగా ఉంది. నేనొక్కణ్ణే రెండున్నర గంటలు ముందు కూర్చుని, అందరూ రాలేదని ఏడ్చి, బిర్యానీ పంచేసి, వాళ్ళని క్షమించేశాను.

అప్పుడైనా చేతులు కట్టుకుని కూర్చున్నానా? మెయిల్‌ని వెనక్కి లాక్కునే మీట ఒకటుంటుందని గుర్తొచ్చింది. ల్యాప్‌టాప్ మీద పడి నొక్కాను. అది మెయిల్‌ని లాగలేదు సరికదా, ఇరవై ముగ్గురికీ కొత్తగా ఇంకో కబురు పంపింది: 'కృపాకర్ పై సందేశాన్ని ఉపసంహరించుకోదలిచారు.' అంటే రెండూ పదికి క్షమించాను, రెండూ యాభై మూడుకి ఆ క్షమాపణ వెనక్కి తీసేసుకున్నాను.

మూడింటికి గేటు నుంచి ఫోన్.

"సార్," అన్నాడు యాదగిరన్న, గొంతు తగ్గించి. "మీ ఇంటికి మనుషులొచ్చిండ్రు. ఒక్కలు గాదు, లైన్ గట్టిండ్రు. అందరు జర పరేషాన్‌ల ఉన్నరు. పంపాల్నా?"

నాలుగేళ్ళలో మనిషి కోసం వచ్చిన మొదటి ఫోన్ అది. ఆ సంతోషం కూడా సరిగ్గా పడనివ్వలేదు నా తెలివి. "పంపండి," అన్నాను, ఉరిశిక్ష పడినవాడిలా.

మొదట నవీన్ వచ్చాడు. నిజంగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. నా చేయి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

"అన్నా, మెట్రోల ఉన్నప్పుడు నీ మెయిల్ వచ్చింది. నీకెట్ల తెలిసింది?"

"ఏది?"

"గదే అన్నా. క్లయింట్ మీటింగ్‌ల నువ్వు పట్టిన పెద్ద బగ్, నేనే పట్టిన అని చెప్పిన. తప్పైపోయింది. క్షమించిన అన్నవ్, గంతల మళ్ళ క్యాన్సిల్ జేసినవ్. దిగి ఇంటికి పోదామనుకున్న. ఇగ మొఖం మీద చెప్పి పోదామని వచ్చిన."

నాకు అసలా సంగతే తెలియదు! నోరు తెరిచేలోగా వెనక నుంచి స్టెల్లా వచ్చింది. కెన్యా బృందంలో మాతోపాటు ఉన్న అమ్మాయి, రాజమండ్రి. "బ్రదర్, సాక్ష్యానికి మీకు మూడు నిమిషాలే ఇమ్మని మన సంఘం పాస్టరుగారికి చెప్పింది నేనేనండి. మీరు మొదలుపెడితే ఆపరని భయమేసిందండి. మీ మనసు ఇంత గాయపడుతుందనుకోలేదండి."

మూడో అంతస్తు నుంచి వచ్చిన లిఫ్టు పెద్దాయన, అదే, ప్లాట్ కొన్నాయన, నన్ను చూసి దాక్కున్నది నిజమేనని ఒప్పుకున్నాడు. ఇంకొకాయన నా పార్కింగులో బండి పెడుతున్నాడట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు వరసగా ఒప్పేసుకుంటుంటే, నేను గుమ్మంలో నిలబడి "ఫరవాలేదు, ఫరవాలేదు" అంటున్నాను. నిజం చెప్దామంటే సందు ఇవ్వరే!

చివర్లో రమాదేవి అక్క, భర్తతో, పిల్లలతో వచ్చింది. చుట్టాలింట్లో గృహప్రవేశమట, మూడింటికల్లా ఇక్కడుండాలని పరుగెత్తుకొచ్చారు. అక్క కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాయనా, మా అబ్బి చదివి చెప్పినాడు నువ్వు రాసింది. నేనేం చేసినానా అని దారంతా తలుచుకుంటా వచ్చినా. తెలిసింది. నాలుగేండ్లుగా ఎదురింట్లో ఉండావు. మా వంటింట్లో ఏం వండితే ఆ వాసన నీ ఇంట్లోకే వస్తాది. ఒక్కనాడన్నా అన్నం తిన్నావా అని అడగల్యా. నువ్వు క్షమించినా క్షమించకపోయినా అది తప్పే."

అంతవరకూ నవ్వొచ్చింది గానీ, ఆ మాటకి నవ్వు ఆగిపోయింది. "అక్కా, బిర్యానీ లేదు," అన్నాను. ఆ మూడు ముక్కలూ నోట్లోంచి వచ్చాక మిగతాదంతా వచ్చేసింది. నైరోబీ గడియారం, పన్నెండున్నర, కూలీలు, మెయిల్, అన్నీ చెప్పేశాను.

ముందు నవీన్ అందుకున్నాడు. "ఆగు ఆగు. టైమ్ జోన్ బగ్గా అన్నా? గా ఒక్క బగ్ మీద నాకు ఎన్ని చీటీలు అంటించినవ్? ఇప్పుడు నీకెవలు అంటియ్యాలె?" అని కింద కూర్చుని మరీ నవ్వాడు. తప్పులొప్పుకున్నవాళ్ళందరికీ, అనవసరంగా ఒప్పుకున్నామే అని అప్పుడు తట్టింది. ఆ గోల చెప్పనలవి కాదు.

"సరే, తినడానికి ఏముండాది?" అంది అక్క. బకెట్టు చూపించాను. అక్క వంగి చూసి, వేలితో నొక్కి, కాస్త నోట్లో వేసుకుని, "ఇది సంగటే కదప్పా! మేం రాగులతో చేస్తాం, వాళ్ళు మొక్కజొన్నలతో చేసుకుంటాండారు. చెడగొట్టినావు గానీ, బాగుచేస్తా ఉండు," అని కొంగు బిగించింది. వేడినీళ్ళు చల్లి, పొయ్యి మీద పెట్టి, గరిటెతో నాలుగు పోట్లు పొడిచి, చేతులు తడిచేసుకుని చకచకా ముద్దలు చుట్టింది. వాళ్ళింట్లోంచి శెనక్కాయల పచ్చడి, పప్పు, నెయ్యి వచ్చాయి. ఖాళీ హండీ తిరిగివ్వడానికి వచ్చిన యాదగిరన్నని కూడా లాగి కూర్చోబెట్టారు. బిర్యానీ ఉండి ఉంటే ఆ ముద్దని ఒక్కడు ముట్టేవాడు కాదని ఇప్పటికీ నా నమ్మకం.

అందరూ తింటుండగా కెన్యా నుంచి వీడియో కాల్. వాళ్ళ లెక్కన సరిగ్గా పన్నెండున్నరకే ప్రయత్నించారట, ఈ గోలలో నేను వినలేదు. పాస్టరుగారు చాలా గంభీరంగా ఉన్నారు. పక్కన అవ్వ. "బ్రదర్, మీరు మమ్మల్ని క్షమించారు, తర్వాత క్షమించలేదు. అవ్వకి చదివి వినిపించాను. పిండిలో పురుగులేమైనా ఉన్నాయా అని బాధపడుతోంది."

నేను ఫోన్ తిప్పి హాలంతా చూపించాను. ఇరవై మంది దాకా ఉన్నారు, ముద్దలు పచ్చడిలో అద్దుకుని తింటున్నారు. తెర మీద అవ్వ ముఖం వెలిగిపోయింది. "ఇరవై మందీ ఉన్నారు," అంది.

ఆ మాటతో తప్పించుకుని ఉండొచ్చు. అబద్ధం నిజమైపోయింది, ఎవరికీ తెలియదు. కానీ అంతమంది నా ముందు తమ తప్పులు ఒప్పుకున్నాక, నేనొక్కణ్ణే దొరలా నిలబడటం నచ్చలేదు. "అవ్వా," అన్నాను, "ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నా ఇంట్లో నాతో ఎవరూ తినరు. వీళ్ళంతా ఇవాళే మొదటిసారి వచ్చారు."

పాస్టరుగారు చెప్పారు. అవ్వ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఏదో అంది. ఆయన మాకు చెప్పారు. "తనకి అప్పుడే తెలుసట. ఒకే పళ్ళెంలో తింటూ కూడా, మీరు తల ఎత్తకుండా గబగబా తినేసేవాళ్ళట. ఇంట్లో మనుషులున్నవాడు అలా తినడు అంటోంది. అందుకే అంత పిండి ఇచ్చిందట, ఒక్కడే తినలేనంత."

అక్క వచ్చి నా కంచంలో ఇంకో ముద్ద వేసింది. నేను తల ఎత్తాను. నెమ్మదిగా తిన్నాను.

అప్పుడు అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది, వేలు చూపిస్తూ. పాస్టరుగారు నవ్వాపుకుంటూ చెప్పారు. "నిన్ను క్షమించాను, నువ్వైతే నిజంగానే తప్పు చేశావు కాబట్టి, అంటోంది."

కాబట్టి అయ్యలారా అమ్మలారా, ఎడమ చేయి సంగటి గిన్నె మీద ఉంచి, కుడి చేయి పైకెత్తి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా క్షమించాల్సి వస్తే, ముందు వాళ్ళు ఆ తప్పు చేసేదాకా ఓపికగా ఆగుతాను. ఆగింది చాలా లేదా అన్నది గోడ గడియారం చూసి తేల్చుకుంటాను. భోజనానికి పిలవాలంటే క్యాలెండర్ జోలికి పోకుండా చెప్పులేసుకుని వెళ్ళి తలుపు కొడతాను. ల్యాప్‌టాప్ గడియారం మాత్రం మార్చలేదు, అది ఇంకా నైరోబీలోనే ఉంది. ప్రతి ఆదివారం అక్కడ పన్నెండున్నర కాగానే ఎదురింటి తలుపు తీసి రమాదేవి అక్క కేకేస్తుంది, "నాయనా, తిన్నావా?" అని. ఇక్కడ అప్పటికి మూడు గంటలు, నేను ఎప్పుడో తినేసి ఉంటాను. అయినా లేదనే చెప్తాను. ఈ ఒక్క అబద్ధానికి మాత్రం నన్ను ఎవరూ క్షమించకండి.